మంచుకొండల మీద ముసాఫిర్

"మా అబ్బాయి మీ శీర్షిక ప్రతి నెలా చదువుతాడు. ఈ పని హరామ్ అని మీరు ఒక్క మాట రాయండి, వాడు ఆగిపోతాడు" అని టోలిచౌకి నుంచి ఒక తల్లి ఉత్తరం రాశారు. ఆమె కుమారుడు రాయదుర్గంలోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఉద్యోగి. వయస్సు 27. పెళ్ళయి రెండేళ్ళయింది, అయిదు నెలల పసిపాప ఉన్నది. కార్యాలయ మిత్రులు అయిదుగురు కలిసి ఫిబ్రవరి చివర కాశ్మీరుకు వెళ్ళి, గుల్‌మర్గ్‌కు ఎగువనున్న పర్వతాలలో ఏడు రోజుల పాటు ఒక గైడు వెంట మంచు మీద స్కీలతో ప్రయాణించాలని నిశ్చయించుకున్నారట. డబ్బు క్రెడిట్ కార్డు వాయిదాల మీద కట్టారట. తల్లికి నిద్ర పట్టడం లేదు.

సోదరీ, మీరు కోరిన మాట నేను రాయలేను. అల్లాహ్ నిషేధించని దానిని నిషిద్ధమని ప్రకటించే అధికారం ఏ పండితునికీ లేదు. నెలకొకసారి నాలుగు పేజీలు నింపే నాబోటి వానికి అసలే లేదు. ఇది హలాల్, ఇది హరామ్ అని నోటికి వచ్చినట్లు పలకడం అల్లాహ్‌కు అబద్ధాన్ని అంటగట్టడమేనని దివ్యఖుర్‌ఆన్ సూరా నహల్‌లో గట్టిగా హెచ్చరించింది. కొడుకు మీద ప్రేమతో అడిగినా, తల్లి మీద జాలితో రాసినా అది అబద్ధమే అవుతుంది. అయితే నా మాట ఇంతటితో ముగియదు. మీ కుమారుడు కూడా చదువుతారన్నారు కనుక మిగిలినదంతా ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. ఇందులో ఆయనకు రుచించని విషయాలే ఎక్కువ.

భూమి మీద సంచరించి సృష్టి ఎలా మొదలయిందో చూడమని ఖుర్‌ఆన్ ఆదేశించింది. పర్వతాలలోని తెల్లని, ఎర్రని, కారునల్లని చారలను అల్లాహ్ సూచనలుగా చూపింది. మన పూర్వీకులు ఇళ్ళలో కూర్చున్నవారు కారు. 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్నె బతూతా ఢిల్లీకి వస్తూ 1333 ప్రాంతంలో హిందూకుష్ పర్వతాలను దాటాడు. ఒంటెలు మంచులో కూరుకుపోకుండా వాటి కాళ్ళ ముందు ఉన్ని కంబళ్ళు పరిపించి నడిపించామని తన యాత్రా గ్రంథంలో చెప్పుకున్నాడు. బరువును వెడల్పుగా పరిస్తే మెత్తని మంచు మోస్తుంది. నేటి స్కీ పలకలోనూ సగం రహస్యం అదే. ఆ ప్రయాణికుని సంగతి మళ్ళీ వస్తుంది.

స్కీ అంటే కాలి జోడుకు బిగించుకునే పొడవాటి పలుచని పలక. తీగల మీద నడిచే బండిలో పైకి వెళ్ళి, సిద్ధంచేసిన వాలు మీద జారుతూ కిందికి రావడం ఒక ఆట. గుల్‌మర్గ్‌కు వెళ్ళిన పర్యాటకులు చేసేది అదే. మీ కుమారుడు తలపెట్టినది వేరు. ఇందులో కొండ ఎక్కడం కూడా సొంత కాళ్ళతోనే. స్కీ అడుగున ఒక పట్టీ అంటిస్తారు. దాని నూగు ఒకే వైపుకు వాలి ఉంటుంది కనుక ముందుకు జరుగుతుంది, వెనుకకు జారనివ్వదు. పూర్వం సీలు అనే సముద్ర జంతువు తోలు వాడేవారు, ఇప్పుడు మేక ఉన్ని లేదా నైలాను. ఎక్కేటప్పుడు మడమ విడిగా లేస్తుంది, దిగేటప్పుడు దానిని బిగిస్తారు. ఇలా రోజుకు కొన్ని గంటలు ఎక్కి, కనుమ దాటి, అవతలి లోయలోకి దిగి, రాత్రికి గుడారంలోనో గుడిసెలోనో తలదాచుకొని మరునాడు మళ్ళీ బయలుదేరడమే ఈ యాత్ర. ఐరోపాలో షమోనీ నుంచి జెర్మాట్ వరకు సాగే 'హోట్ రూట్' దీనికి ప్రపంచ ప్రసిద్ధమైన బాట.

హైదరాబాదు సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. గుల్‌మర్గ్ సుమారు 2,650 మీటర్లు. అక్కడి గొండోలా రెండో దశలో అఫర్వత్ భుజం మీదికి, దాదాపు 4 వేల మీటర్లకు తీసుకుపోతుంది. అంటే ఉదయం శంషాబాదులో విమానమెక్కినవాడు, తలచుకుంటే, మరునాటికి తన ఊపిరితిత్తులు ఎన్నడూ ఎరుగని గాలిలో నిలబడగలడు. నిలబడగలడు కాని నిలబడకూడదు. 3 వేల మీటర్లు దాటాక నిద్రించే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదన్నది పర్వత వైద్యులు చెప్పే సాధారణ నియమం. తలనొప్పి, వాంతులు వస్తున్నా 'మేనేజ్ చేస్తాను' అనేవాడే ముందు ప్రమాదంలో పడతాడు. కంప్యూటరు తెర ముందు నేర్చుకున్న ఆ మాట అక్కడ పనికిరాదు.

ఈ విద్యలో ముస్లిములు పరాయివారేమీ కారు. 1988లో కాల్గరీ శీతాకాల ఒలింపిక్స్‌లో భారతదేశం తరఫున స్కీ పోటీలో దిగిన గుల్ ముస్తఫా దేవ్ గుల్‌మర్గ్ మనిషే. 2022లో బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి వెళ్ళిన ఏకైక క్రీడాకారుడు ఆరిఫ్ మొహమ్మద్ ఖాన్ గుల్‌మర్గ్ దిగువనున్న టంగ్‌మర్గ్ ప్రాంతంవాడు. జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో నిలిచాడు. చిన్ననాటి నుంచి మంచు మీద పెరిగినవారి సంగతి అది. మన నగరంలో మంచు అంటే లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర టిక్కెట్టు కొని చూసేది. ఖాజాగూడ బండల మీద సెలవు రోజుల్లో ఎక్కి దిగినంత మాత్రాన స్కీ రాదు. గుల్‌మర్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ నడిపే స్కీ, పర్వతారోహణ శిక్షణ సంస్థ ఉన్నది. ముందు అక్కడ ప్రాథమిక శిక్షణ పొంది, వాలు మీద ఆగడం, మలుపు తిరగడం వచ్చాకనే పెద్ద కొండల మాట ఎత్తాలి. యాత్రలోనే నేర్చుకుంటానంటే మిగిలిన నలుగురి ప్రాణాలూ అతని కాళ్ళకు కట్టివేసినట్లే.

మన తెలుగు నేలలోనే ఇందుకు మంచి ఉదాహరణ ఉన్నది. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలిచిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్ళు నిండలేదు. వారిని నేరుగా మంచులోకి పంపలేదు. ముందు భువనగిరి గుట్ట మీద రాతి ఎక్కుడు, తరువాత డార్జిలింగులో పర్వతారోహణ శిక్షణ, ఆ తరువాత లడఖ్ చలిలో మరో విడత. ఈ దశల్లో చాలామంది పిల్లలు వెనుదిరిగారు, చివరకు ఇద్దరు మిగిలారు. వెనుదిరగడానికి వీలున్న శిక్షణే శిక్షణ.

ఇక ప్రమాదాల సంగతి. మీ కుమారుడు మీకు చెప్పి ఉండరని నా అనుమానం, చెప్పకపోతే తప్పు చేసినట్లే. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ వాలు మీద హిమపాతం విరిగిపడి పోలండ్ దేశస్థులిద్దరు మరణించారు. మరుసటి సంవత్సరం ఫిబ్రవరి 22న గుల్‌మర్గ్‌లోనే మరో హిమపాతంలో ఒక రష్యా దేశస్థుడు పోయాడు. 2024 జూన్ మొదటి వారంలో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ బాటలో కర్ణాటక నుంచి వెళ్ళిన బృందం మంచు తుఫానులో చిక్కుకున్నది. 9 మంది ప్రాణాలు కోల్పోయారు. హైదరాబాదు తల్లుల గుండెల్లో అన్నిటికంటే లోతుగా ఉన్నది మాత్రం కొండ కాదు, నది. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో లార్జీ జలాశయం నుంచి వదిలిన నీటిలో మన నగరపు ఇంజినీరింగు విద్యార్థులు 24 మంది బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఆ తరువాత ఈ నగరంలో ఏ తల్లి అయినా 'హిమాచల్' అన్న మాట వినగానే ఉలిక్కిపడితే ఆమెను అమాయకురాలు అనడానికి నాకు నోరు రాదు.

పిల్లలకు తల్లిదండ్రుల అనుమతి ఎప్పుడు అవసరం? హనఫీ ధర్మవేత్తలు ఇక్కడ సూక్ష్మంగా ఆలోచించారు. వ్యాపారానికో విద్యకో మామూలు దారిలో వెళ్ళే వయోజనుడు ప్రతి ప్రయాణానికీ అనుమతి తీసుకోనవసరం లేదు. కాని ప్రాణాపాయం ఎక్కువగా ఉండే దారి అయితే, లేదా తల్లిదండ్రులు అతని సేవ మీదనే ఆధారపడి ఉంటే, అనుమతి లేకుండా కదలరాదు. యుద్ధానికి బయలుదేరతానని వచ్చిన ఒక వ్యక్తిని దైవప్రవక్త (స) ముందు తల్లిదండ్రులు జీవించి ఉన్నారా అని అడిగి, వారి సేవలోనే పాటుపడమని పంపివేసినట్లు బుఖారీ గ్రంథంలో ఉన్నది. ధర్మయుద్ధానికే ఈ మాట అయితే వినోద యాత్రకు వేరే చెప్పాలా?

అయితే సోదరీ, ఈ అధికారం మీ చేతిలో ఉన్నంత మాత్రాన భయమొక్కటే కారణంగా దానిని వాడడం న్యాయం కాదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆయన రోజూ చేసే ప్రయాణాన్ని మీరు ఆపడం లేదు. కొడుకును ఎదురుగా కూర్చోబెట్టి వివరాలడగండి. గైడుకు ఎక్కడ శిక్షణ లభించింది, ఎన్ని శీతాకాలాలుగా ఆ లోయలో తిరుగుతున్నాడు? గుల్‌మర్గ్ స్కీ పెట్రోలు వారు, రక్షణ పరిశోధన విభాగం వారు వెలువరించే హిమపాత హెచ్చరికలను రోజూ చూస్తాడా? హెచ్చరిక తీవ్రంగా ఉన్న రోజున డబ్బు పోయినా సరే ఆగే ఒప్పందం ఉన్నదా? ప్రతివారి ఒంటి మీద సంకేత యంత్రం, సంచిలో పార, మంచులో గుచ్చి వెతికే కడ్డీ ఉంటాయా, వాటిని వాడడం మావాడికి వచ్చా? మంచు కింద పూడిపోయిన మనిషికి తొలి పది, పదిహేను నిమిషాలే ఊపిరి. దూరం నుంచి వచ్చే సహాయం కంటే పక్కనున్న మిత్రుడే అతన్ని బతికించాలి. ఈ ప్రశ్నలకు జవాబులు తడబడితే అనుమతి నిరాకరించండి. అప్పుడు అది అమ్మ భయం కాదు, షరీఅత్ మీకిచ్చిన హక్కు.

మీ కోడలి మాట ఉత్తరంలో ఎక్కడా లేదు. అయిదు నెలల పాపతో ఉన్న ఆమెను ఎవరైనా అడిగారా?

అప్పు విషయం దాటవేయడానికి వీలులేనిది. షహీద్‌కు అన్ని పాపాలూ క్షమించబడతాయి, అప్పు తప్ప అని దైవప్రవక్త (స) తెలిపినట్లు ముస్లిం హదీసు గ్రంథంలో ఉన్నది. క్రెడిట్ కార్డు వాయిదాలలో వడ్డీ ఉంటే ఆ ఒప్పందమే వడ్డీ ఒప్పందం. ప్రయాణం హలాల్ అయినంత మాత్రాన దాని డబ్బు హలాల్ కాదు. ముందుగా మొత్తం చెల్లించి ఆ ఖాతా మూసివేయాలి. చెల్లించలేకపోతే యాత్రకు స్తోమత లేదన్న మాట. భార్యకు ఇవ్వవలసిన మహర్ ఇంకా మిగిలి ఉన్నదా? నిఖానామాలో 'తరువాత' అని రాసి ఊరుకున్న మొత్తం ఆయన మెడ మీదున్న అప్పు. వీసమెత్తు మంచు తొక్కక ముందు దానిని తీర్చడమో, కనీసం రాసి సంతకం చేసి ఆమె చేతిలో పెట్టడమో జరగాలి. వీలునామా విషయమై దైవప్రవక్త (స) ఆదేశం స్పష్టం: చెప్పవలసినది ఉన్న ముస్లిము అది రాసిపెట్టకుండా రెండు రాత్రులు గడపరాదు. పాతికేళ్ళ యువకులు దీనిని ముసలివారి పనిగా భావిస్తారు. కార్యాలయం వారిచ్చిన షేర్లు, భవిష్యనిధి, స్నేహితునికిచ్చిన చేబదులు ఎక్కడెక్కడ ఉన్నాయో భార్యకు తెలియని ఇళ్ళు గచ్చిబౌలి చుట్టూ ఎన్నో ఉన్నాయి.

ఇక మిత్రులతో కలిసి వెళ్ళడాన్ని నేను మెచ్చుకుంటాను. ఒంటరి ప్రయాణంలోని కీడు తనకు తెలిసినంతగా జనానికి తెలిస్తే ఎవరూ రాత్రివేళ ఒంటరిగా బయలుదేరరని దైవప్రవక్త (స) హెచ్చరించారు. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం గ్రామానికి చెందిన మల్లి మస్తాన్‌బాబు సత్యం కంప్యూటర్స్‌లో పనిచేసినవాడు. మన ఐ.టి. తరానికి పర్వతాల దారి చూపిన తొలివారిలో ఒకడు. 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. అంతటి నేర్పరి 2015 మార్చిలో ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా పైకి వెళ్ళి తిరిగి రాలేదు. ఏప్రిల్ తొలి వారంలో అతని దేహం కనిపించింది. అతని సాహసాన్ని తూచే తక్కెడ నా దగ్గర లేదు. కాని పక్కన మరొకరు ఉండి ఉంటే అన్న ఆలోచన రాకుండానూ ఉండదు.

ముగ్గురు ప్రయాణానికి బయలుదేరితే ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలన్నది అబూదావూద్‌లోని హదీసు. కొండల మీద గైడే అమీరు. అతడు ఆగమంటే ఆగాలి. ఎడం ఎడంగా ఒక్కొక్కరే దాటమంటే అలాగే దాటాలి. శిఖరం కళ్ళెదుట ఉన్నా వెనక్కి అంటే వెనక్కే. అక్కడ 'నేను డబ్బు కట్టాను' అన్న మాటకు చోటు లేదు. ఇంతవరకు అందరూ చెబుతారు. అంతగా ఎవరూ చెప్పని మరో సగం ఉన్నది. దైవప్రవక్త (స) ఒక దళాన్ని పంపుతూ ఒకరిని నాయకునిగా నియమించారు. ఆయన దారిలో కోపగించి, కట్టెలు పోగుచేయించి, నిప్పు రాజేయించి, అందులో దూకమన్నాడు. కొందరు దూకబోయారు, కొందరు వెనుకాడారు. ఇంతలో నిప్పు చల్లారింది, ఆయన కోపమూ చల్లారింది. సంగతి విన్న దైవప్రవక్త (స) వారు అందులో దూకి ఉంటే ఎన్నటికీ బయటికి వచ్చేవారు కారనీ, విధేయత మంచి పనిలోనే అనీ అన్నారు. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ ఈ ఉదంతం ఉన్నది.

2018 ఏప్రిల్ 29న స్విట్జర్లాండులో, నేను పైన చెప్పిన హోట్ రూట్ మీదనే, అనుభవజ్ఞుడైన గైడుతో వెళ్ళిన బృందం, దారిలో కలిసిన మరో నలుగురు, మొత్తం 14 మంది తుఫానులో చిక్కుకున్నారు. ముందుకే సాగారు. కనుచూపు లేని మంచులో దారి తప్పి రాత్రంతా బయటే ఉండిపోయారు. గైడుతో సహా ఏడుగురు మరణించారు. తలదాచుకోవలసిన వినియెత్ గుడిసె అక్కడికి అర కిలోమీటరుకు కాస్త ఎక్కువ దూరంలోనే ఉన్నది! వాతావరణ సూచన ముందురోజే అందుబాటులో ఉన్నది. కనుక గైడు ఉన్నాడు కదా అని బుద్ధిని హైదరాబాదులో వదిలి వెళ్ళరాదు. ఉదయం బయలుదేరక ముందే, ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే, ఈ రోజు గాలి ఎలా ఉంటుంది, ఎక్కడి నుంచి వెనుదిరగవచ్చు అని మర్యాదగా అడగడం షూరా. కొండ మధ్యలో నిలబడి వాదించడం షూరా కాదు.

నమాజు గురించి మీరు అడగలేదు, కాని నాకు మీ కుమారుని గురించి ఉన్న దిగులు ఇదే. మంచులో నమాజు కష్టమని ఏడు రోజులు వదిలివేసేవారిని ఎరుగుదును. చల్లని నీటితోనే వుజూ చేసి తీరాలని మొండిపట్టు పట్టి వేళ్ళు పోగొట్టుకునే స్థితికి వచ్చేవారూ ఉన్నారు. షరీఅత్ ఈ రెండింటి మధ్య విశాలమైన దారి వేసింది.

ఇబ్నె బతూతా సంగతి మళ్ళీ వస్తుందన్నాను. వోల్గా నది వైపు శీతాకాలంలో వెళ్తూ, నిప్పు పక్కనే కూర్చొని వేడినీటితో వుజూ చేసినా గడ్డం మీది చుక్క గడ్డకట్టేదనీ, విదిలిస్తే మంచులా రాలేదనీ అతడు రాసుకున్నాడు. ఒకదాని మీద ఒకటి మూడు బొచ్చుతోలు కోట్లు, మూడు జతల పాదరక్షలు తొడిగి, ఆ బరువుతో గుర్రం ఎక్కలేక తోటివారు ఎత్తి కూర్చోబెట్టేవారట. అయినా వుజూ మానలేదు. మన యాత్రికులకు అంతకంటే మెరుగైన వసతి ఉన్నది. రాత్రి బసలో వంట కోసం ఎలాగూ మంచును కరిగిస్తారు. దైవప్రవక్త (స) వుజూకు వాడిన నీరు లీటరుకు మించదు. ఫర్జు అవయవాలు మాత్రమే ఒక్కొక్కసారి కడిగితే ఇంకా తక్కువ చాలు. ఫ్లాస్కులో ఆ కాస్త గోరువెచ్చని నీరు తనకు కావాలని గైడుకు ముందే చెప్పి, ఇంధనపు లెక్కలో కలిపించుకోవాలి.

కాళ్ళ విషయంలో సౌకర్యం ఇంకా ఎక్కువ. తబూక్ ప్రయాణంలో దైవప్రవక్త (స) బిగుతు చేతుల సిరియా అంగీ ధరించి ఉన్నారు. చేతులు పైకి మడవలేక, అంగీ కిందినుంచి తీసి కడుక్కున్నారు. హజ్రత్ ముగీరా (రజి) మేజోళ్ళు విప్పబోతే, వాటిని శుద్ధతతోనే తొడిగాను కనుక వదిలెయ్యమని, వాటి మీదనే మసహ్ చేశారు. చలిలో బిగుతు బట్టలతో ఇబ్బంది పడే ప్రతివారికీ ఈ హదీసు ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి. తోలు మేజోళ్ళ మీద మసహ్‌కు ముసాఫిర్‌కు గడువు మూడు పగళ్ళు, మూడు రాత్రులు. స్కీ బూటు చీలమండను కప్పే గట్టి ప్లాస్టిక్ డొప్ప. దాని మీద మసహ్ చెల్లుతుందా, విప్పితే ఏమవుతుంది అన్న వివరాలను బూటు చేతిలో పట్టుకొని వెళ్ళి మీ మసీదు ఆలిమ్‌కు చూపించి అడగాలి. చూడకుండా చెప్పిన జవాబు కంటే చూసి చెప్పిన జవాబు మేలు. చలిబారిన పడిన ఒక దళానికి తలపాగాల మీద, కాళ్ళను వెచ్చగా ఉంచే తొడుగుల మీద మసహ్ చేయమని దైవప్రవక్త (స) ఆదేశించారని హజ్రత్ సౌబాన్ (రజి) ఉల్లేఖనం.

నీరు వేడిచేసే మార్గం లేక, చన్నీటితో హాని కలుగుతుందన్న భయం నిజంగా ఉంటే తయమ్ముమ్ ఉన్నది. జాతుస్సలాసిల్ దండయాత్రలో గడ్డకట్టే చలిరాత్రి హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి)కు స్నానం విధి అయింది. చన్నీటి స్నానంతో ప్రాణం పోతుందని భయపడి తయమ్ముమ్ చేసి నమాజు చేయించారు. దైవప్రవక్త (స) విచారించినప్పుడు, మిమ్మల్ని మీరు చంపుకోవద్దన్న దైవాదేశం గుర్తుకు వచ్చిందన్నారు. ఆయన నవ్వి ఊరుకున్నారు. దీనికి ఎదురుగా మరో ఉదంతం పెట్టి చూడండి. తలకు గాయమైన వ్యక్తికి స్నానం తప్పదని తోటివారు తెలిసీ తెలియక చెప్పారు. అతడు స్నానం చేసి మరణించాడు. వారే అతన్ని చంపారని దైవప్రవక్త (స) ఆగ్రహించారు. గుడారంలో మిత్రునికి ధైర్యంగా ఫత్వాలు చెప్పేవారు ఈ రెండో ఉదంతాన్ని జ్ఞాపకం పెట్టుకోవాలి. మంచు మీద తయమ్ముమ్ హనఫీల వద్ద చెల్లదు, అది మట్టి జాతికి చెందదు. కొండ రాయి మీద ధూళి లేకపోయినా చెల్లుతుంది. రాళ్ళన్నీ మంచు కింద ఉంటాయి కనుక చిన్న మట్టి పెంకు ఒకటి సంచిలో వేసుకోవడం తేలిక.

ఖసర్ గురించి సందేహమే లేదు. స్వస్థలం నుంచి సుమారు 77 కిలోమీటర్లు దాటే ఉద్దేశంతో బయలుదేరి, ఒకచోట 15 రోజులు ఉండే సంకల్పం లేనివాడు నాలుగు రకాతుల ఫర్జులను రెండుగా చేస్తాడు. మంచు దారులు మూసివేయడంతో హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఆజర్‌బైజాన్‌లో ఆరు నెలలు నిలిచిపోయి, ఎప్పుడు కదులుతామో తెలియక అన్నాళ్ళూ ఖసరే చేశారని బైహఖీ గ్రంథంలో ఉన్నది. రెండు నమాజులను కలపడంలో మాత్రం భేదముంది. హనఫీలు జుహర్‌ను చివరి వేళకు, అసర్‌ను తొలి వేళకు జరిపి దగ్గర చేస్తారు. బార్కస్‌లోని యెమెన్ మూలాల షాఫయీ కుటుంబాలవారికి ప్రయాణంలో కలిపి చేసే వెసులుబాటు ఉన్నది. ఈ యాత్రల దినచర్యే నమాజుకు అనుకూలం. ఎండకు మంచు మెత్తబడి వాలు ప్రమాదకరమయ్యే లోపు దిగిపోవాలని తెల్లవారుజామునే లేస్తారు. అంటే ఫజర్‌కు ఎవరూ లేపనవసరం లేదు. జుహర్ సాధారణంగా దిగిన తరువాతే. దారిలో చేయవలసి వస్తే హిమపాతం వచ్చే వాలు కింద కాక, గైడు చూపిన చోట ఆగాలి. సజ్దాలో నుదురు ఆనేంత గట్టిగా మంచును తొక్కి చదును చేయాలి. నుదురు కూరుకుపోయే మెత్తని మంచు మీద సజ్దా కాదు. కళ్ళద్దాలు, టోపీ పైకి జరపాలి.

ఖిబ్లా విషయంలో మన అలవాటు మోసం చేస్తుంది. హైదరాబాదులో మనం పడమరకు కాస్త ఉత్తరంగా తిరుగుతాము. కాశ్మీరులో పడమరకు కాస్త దక్షిణంగా తిరగాలి. చలిలో ఫోను బ్యాటరీ గంటల్లో చచ్చిపోతుంది, పైగా ఫోనును సంకేత యంత్రానికి దూరంగా పెట్టాలి. చిన్న దిక్సూచి ఒకటి మేలు, అది కూడా లోహపు వస్తువులకు ఎడంగా చూసుకోవాలి.

భోజనం గురించి కాశ్మీరులో చింత లేదు. ఐరోపా గుడిసెలలో సూపులో ఏముందో అడగాలి. కరిగించిన చీజుతో వారు చేసే ఫాండ్యూలో మద్యం పోస్తారని మనవాళ్ళలో చాలామందికి తెలియదు.

అమ్మాయిలు వెళ్ళవచ్చా అని ఇదివరకే కొండాపూర్ నుంచి ఒక సోదరి అడిగారు. మహ్రమ్ లేకుండా స్త్రీ దూరప్రయాణం చేయరాదన్న హదీసులు ప్రామాణికమైనవి, గుడారాలలో రాత్రులు గడిపే యాత్రకు వాటిని సడలించే ధైర్యం నాకు లేదు. కాని కొండలు చూడాలన్న కోరిక మగవారికే ఎందుకుండాలి? భర్తతోనో అన్నదమ్ములతోనో వెళ్ళాలి. చెల్లెలిని వెంట తీసుకుపొమ్మంటే సెలవు దొరకదని, మిత్రులతోనైతే దొరుకుతుందని చెప్పే అన్నలు దీనికి జవాబు చెప్పుకోవాలి.

చివరగా తేదీలు. ఫిబ్రవరి చివర అన్నారు. 2026లో రంజాన్ మాసం ఫిబ్రవరి మూడో వారంలో మొదలవుతుంది, 2027లో రెండో వారంలో. అయిదుగురు మిత్రులు విమానపు ధరలు చూశారు, సెలవులు చూశారు, చంద్రుణ్ణి చూడలేదు. ముసాఫిర్‌కు ఉపవాసం వాయిదా వేసుకునే అనుమతి ఉన్న మాట నిజమే, ఆ దినాలను తరువాత పూర్తిచేసుకోవచ్చు. అంతటి శ్రమలో, అంతటి ఎత్తులో నీళ్ళు తాగకుండా ఉండడం మంచిది కూడా కాదు. కాని వేడుక యాత్రను ఏరికోరి ఆ మాసంలోనే పెట్టుకొని తరావీహ్‌నూ, ఇంటిల్లిపాది ఇఫ్తార్‌నూ, పాప పుట్టాక వచ్చే తొలి రంజాన్‌నూ వదిలి వెళ్ళడం నాకు ఎంతమాత్రం నచ్చలేదు. గుల్‌మర్గ్‌లో మంచు డిసెంబరు చివరి నుంచే దొరుకుతుంది. జనవరి మొదట్లో వెళ్ళవచ్చు, లేదా శిక్షణ పూర్తిచేసుకొని వచ్చే ఏటికి వాయిదా వేసుకోవచ్చు. నాకైతే రెండోదే సబబుగా తోస్తున్నది.

మీ ఉత్తరం వెనుకవైపున పెన్సిలుతో మరో ప్రశ్న రాశారు. బాతు ఈకలు నింపిన కోటుతో నమాజు చెల్లుతుందా అని. చెల్లుతుంది. ఈకలు, ఉన్ని శుభ్రమైనవే. మోచేతి గుండీలు విప్పడానికి వీలుగా ఉన్న కోటు కొనిపించండి.